గోంగూర వలిస్తే నేరమా? విద్యాశాఖ పెద్దలకు ఒక ఎస్‌జీటీ బహిరంగ లేఖ

పాఠశాల విద్యాశాఖలోని పెద్దలందరికీ నమస్కారం.

నేను విజయనగరం జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక బడిలో ఎస్‌జీటీని. అంటే సెకండరీ గ్రేడ్ టీచర్ని, చిన్న తరగతులకి చెప్పేదాన్ని. ఒకటి నుంచి ఐదు దాకా 38 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం, అదే ఆవరణలో ఓ మూలకి అంగన్‌వాడీ. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే రేపు పొద్దున్నకల్లా మా వంట అక్కకి కూడా ఫోన్లు మొదలవుతాయి. నెలకి 3,000 రూపాయల గౌరవ వేతనం మీద 38 మందికి వండిపెట్టే మనిషికి ఈ తలనొప్పి కూడా తగిలించడం నాకిష్టం లేదు.

జరిగింది చెప్తాను. కార్తీకంలో ఒక గురువారం, భోజనానికి గంటన్నర ముందు, మూడు నాలుగు ఐదు తరగతుల పిల్లలు వరండాలో చాప మీద కూర్చుని గోంగూర వలుస్తున్నారు. ఆ గోంగూర బడి తోటలో వాళ్లు వేసిందే, వాళ్లు కోసిందే. వలిచిన కాడల్ని పదేసి చొప్పున కట్టలు కట్టి పక్కన పెడుతున్నారు, ఎందుకంటే ఆ రోజు రెండో తరగతి వాళ్లకి పదులు, ఒకట్లు పాఠం ఉంది, నా దగ్గర పుల్లలు అయిపోయాయి. రోడ్డు మీద బండి ఆపిన ఒకాయన గేటు సందులోంచి 18 సెకన్ల వీడియో తీసుకున్నాడు. లోపలికొచ్చి అడిగితే చాప మీద చోటిచ్చేవాళ్లం. రాలేదు. సాయంత్రానికి ఆ వీడియో మా మండలంలోని వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది, కింద "చదువు మాన్పించి పిల్లలతో వంటపనులు" అని రాసి, మూడు కోపం బొమ్మలు పెట్టి. మర్నాడు పొద్దున్నే పై ఆఫీసు నుంచి నాకు ఫోన్. తోటా గీటా అన్నీ ఆపేయండి అన్నారు. ఎందుకండీ అని అడిగితే "ఎందుకొచ్చిన గొడవమ్మా, రేపు టీవీలో వస్తే మీకూ మాకూ ఇబ్బంది" అన్నారు. కాగితం ఏదీ రాలేదు. ఫోనే. ఇవాల్టికి పదకొండు రోజులు, తోట గేటుకి తాళం.

ఫోన్ చేసిన మనిషి మీద నాకు కోపం లేదు, నిజంగానే అంటున్నాను. వాళ్ల భయం ఉత్తుత్తి భయం కాదు. 2004 జూలై 16న తమిళనాడులో కుంభకోణం బడిలో వంటశాల నుంచి లేచిన మంట పూరికప్పుకి అంటుకుని 94 మంది పిల్లలు పోయారు. 2013లో, అదీ జూలై 16నే, బీహార్‌లో సారణ్ జిల్లాలో ఒక ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు, వంటనూనెలో మోనోక్రోటోఫాస్ పురుగుమందు కలిసిందని తేలింది. వేడి సాంబారు గంగాళంలో పడి కాలిన పసివాళ్ల వార్తలు మనమందరం చదివాం. ప్రతి జూలైలోనూ ఆ తేదీ వచ్చినప్పుడు నేను మా వంట షెడ్డు చుట్టూ ఒకసారి తిరిగి వస్తాను, అదో అలవాటైపోయింది. కాబట్టి పిల్లల్ని మంట దగ్గరికి రానివ్వొద్దని మీరంటే, ఆ మాట మీకంటే గట్టిగా నేనంటాను. మా షెడ్డు ముందు సున్నంతో గీత గీసి ఉంది. ఐదో తరగతి పిల్లాడైనా సరే ఆ గీత దాటడు. పొయ్యి, గంగాళం, కత్తిపీట, గంజి వంచడం అన్నీ అక్క పని. ఆ విషయంలో రాజీ లేదు.

కానీ మంట వేరు, ఆకు వేరు కదా.

మూడేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లలు మంట లేకుండా ఎన్ని చెయ్యగలరో మీలో ఇంట్లో పిల్లలున్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. చిక్కుడుకాయ ఈనెలు తీస్తారు. పచ్చి కందికాయలు ఒలుస్తారు, ఒలుస్తూ సగం తినేస్తారు. పెసలు నానబెట్టి గుడ్డలో మూట కట్టి, మర్నాడు విప్పి మొలకలు చూసి అరుస్తారు. మజ్జిగ చిలుకుతారు. నువ్వులు అక్క వేయించి చల్లార్చి ఇస్తే, బెల్లం వేసి రోట్లో వంతులవారీగా దంచి చిమ్మిలి ఉండలు కడతారు, ఒక్కో ఉండ ఒక్కో సైజు. శ్రీరామనవమికి పానకం, వడపప్పు మొత్తం వాళ్లదే. గోంగూర పచ్చడి రోజు ఆకు కొయ్యడం, వలవడం, మూడు నీళ్లలో కడగడం పిల్లలు చేస్తారు. మగ్గబెట్టడం, పోపు వెయ్యడం అక్క చేస్తుంది. చల్లారాక రోట్లో నూరడం మళ్లీ పిల్లలది, పచ్చడిబండ మొదట ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. తర్వాత రూల్ ప్రకారం ముందు పెద్దవాళ్లం రుచి చూస్తాం, రిజిస్టర్‌లో రాస్తాం, అప్పుడే వడ్డన. ఉప్పు తక్కువైందని నేను రాస్తే "మేడమ్, మా పచ్చడి గురించి అలా రాసేస్తారా" అని నాలుగో తరగతి పిల్ల ఒకతి రోజంతా నాతో మాట్లాడలేదు.

ఈ తోట ఎలా మొదలైందో కూడా చెప్పాలి, ఎందుకంటే దీనికి ప్లానూ లేదు, ప్రాజెక్టూ లేదు. భోజనంతో పాటు వారంలో కొన్ని రోజులు పల్లీ చిక్కీ ఇస్తాం కదా. రెండేళ్ల కిందట అంగన్‌వాడీ పిల్లాడొకడు చిక్కీ కొరికి, అందులోంచి పల్లీ గింజలు ఏరి, కుళాయి దగ్గర తడిమట్టిలో పాతిపెట్టాడు. నాలుగు రోజులు రోజూ వెళ్లి చూశాడు. చెట్టు రాలేదని ఏడుపు. పెద్ద పిల్లలు నవ్వారు గానీ, ఎందుకు రాలేదురా అని నేనడిగితే వాళ్లకీ తెలీదు. ఐదో తరగతి పిల్లలు, మొక్కల భాగాలు బొమ్మ గీసి పది మార్కులు తెచ్చుకున్నవాళ్లు. వేయించిన గింజ మొలవదన్న సంగతి పల్లీ పండించే ఇళ్ల పిల్లలకే తెలీదంటే నాకు కొంచెం గుండె గతుక్కుమంది. మర్నాడు ఒకామె ఇంటి నుంచి పచ్చి గింజలు గుప్పెడు తెప్పించి, పక్కనే చిక్కీ గింజలు కూడా పాతించాను. వారం తిరిగేసరికి ఒక వరస లేచింది, ఒక వరస లేవలేదు. తర్వాత పువ్వు పైన పూసి, ఊడ కిందకి దిగి, కాయ మట్టిలో ఊరడం చూసి వాళ్లు పడ్డ ఆశ్చర్యం నేనైతే ఏ డిజిటల్ బోర్డు మీదా చూపించలేకపోయాను. (డిజిటల్ బోర్డు మంచిదే. కరెంటు ఉన్నప్పుడు చాలా మంచిది.)

అక్కణ్నించి చేతులు కడిగే కుళాయిల నీళ్లు ఊరికే రోడ్డు మీదకి పోతున్నాయని కాలవ తీసి అరటి మొక్కలు నాలుగు, వాటి వెనక తోటకూర, గోంగూర, బెండ, గోడ మీదకి ఆనప పాదు, గేటు పక్క మునగ. జూన్ 12న బడి తెరుస్తాం, అప్పటికి మృగశిర కార్తె వచ్చి ఉంటుంది, తొలకరి పడితే విత్తనం వెయ్యడానికి ఇంతకంటే మంచి ముహూర్తం లేదు. మన అకడమిక్ క్యాలెండర్ తయారుచేసినవాళ్లకి తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గానీ వ్యవసాయ క్యాలెండర్‌తో బాగా కుదిరింది. తోటకూర 25, 30 రోజులకే మొదటి కోతకి వస్తుంది, అంటే జూలైలోనే. చిన్నపిల్లలకి అది ముఖ్యం, వాళ్లకి నెల అంటే యుగం. మామిడి మొక్క నాటించి ఐదేళ్లాగు అంటే వాడు హైస్కూలుకి వెళ్లిపోతాడు. మేకల గురించి, వేసవి సెలవుల్లో నీళ్లు పోసేవాళ్లు లేక ఎండిపోవడం గురించి ఇక్కడ రాయను, బడి తోట పెట్టిన ప్రతి టీచరుకీ ఆ కథలు ఉంటాయి, అందరివీ ఒకటే.

బెండకాయల సంగతి మాత్రం చెప్పాలి. బెండ పూసిన ఐదారు రోజులకి కొయ్యాలి, రెండు రోజులు ఆలస్యమైతే పీచు పట్టి ముదిరిపోతుంది. శని, ఆదివారాలు కలిసి సెలవొచ్చినా, పండగొచ్చినా సోమవారం వచ్చేసరికి సగం కాయలు పనికిరావు. పిల్లలే కనిపెట్టారిది. కాయ కొస విరిచి చూసి, టప్ మని విరిగితే లేత, వంగితే ముదురు. ముదిరినవి విత్తనాలకి ఉంచేద్దామని కూడా వాళ్లే అన్నారు. తర్వాత కొట్టు నుంచి కాటా తెచ్చాం. ప్రభుత్వం లెక్క ప్రకారం ప్రైమరీ పిల్లాడికి రోజుకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. 38 మందికి 50 గ్రాముల చొప్పున ఎంత? 1,900 గ్రాములు. ఐదో తరగతి వాళ్లు నోటితోనే చెప్పారు. ఇప్పుడు మన తోటలో ఇవాళ కోసింది ఎంత? కాటా వేస్తే 700 గ్రాములు. నాలుగు రోజులు పెంచి, నీళ్లు పోసి, పురుగు ఏరితే ఒక పూటకి మూడో వంతు కొంచెం పైన. ఆ లెక్క చూసి పిల్లలు కాసేపు ఏం మాట్లాడలేదు. ఒకడు మెల్లగా "మరి బజార్లో కేజీలు కేజీలు అమ్ముతారు కదా మేడమ్, ఆళ్లెలా పండిస్తారు" అన్నాడు. వాడి నాన్న వంగతోట వేస్తాడు. ఆ రోజు ఇంటికెళ్లి ఏం అడిగాడో నాకు తెలీదు.

ఇది దాచకుండా ఎందుకు రాస్తున్నానంటే, బడి తోట వల్ల కూరగాయల ఖర్చు తగ్గుతుందని ఎవరైనా మీకు రిపోర్టు పెడితే నమ్మకండి. పప్పు, కూరగాయలు, నూనె, పోపు దినుసులు, వంటచెరుకు అన్నీ కలిపి ప్రైమరీ పిల్లాడికి 2025 మే నుంచి రోజుకి 6 రూపాయల 78 పైసలు. మా 38 మందికి 257 రూపాయల చిల్లర. టమాటా రేటు పెరిగిన వారం అక్క ఎలా నెట్టుకొస్తుందో దేవుడికే తెలుసు. తోట ఆ లోటు పూడ్చదు, పూడ్చాలని అడగొద్దు కూడా. తోట ఉంది కదా అని ఆ 6.78లో కోత పెట్టాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే ముందే చెప్తున్నాను, తోటని నేనే పీకేస్తాను.

మరి దేనికిది అంటే, పళ్లెం చూడండి. మా బడిలో ఆకుకూర పప్పు పెట్టిన రోజు పళ్లేలు కడిగే చోట పచ్చగా ఉండేది, ఆకు మొత్తం ఏరి పారేసేవాళ్లు. కరివేపాకు సరే, పెద్దలమూ ఏరేస్తాం. తోటకూర కూడా ఏరడమే. ఎన్ని పాఠాలు చెప్పినా, ఇనుము, విటమిన్ ఏ, రేచీకటి అని చార్టు గీసి గోడకి అంటించినా ఆ పచ్చదనం తగ్గలేదు. ఇప్పుడు వాళ్లు కోసిన రోజు పప్పులో ఆకుని వెతుక్కుంటారు. "ఇది నాది, చూడు, కాడ పొడుగ్గా ఉంది" అని. అది వాడి కాడ కాదు, ఉడికాక ఎవరి కాడ ఎవరికి తెలుస్తుంది, అయినా తింటాడు. నేను సైంటిస్టుని కాదు, ఎత్తులూ బరువులూ తేడా వచ్చాయని చెప్పను. కుళాయి దగ్గర పచ్చదనం తగ్గింది, అంతే చూశాను.

ఇంకొకటి. పురుగుమందు. మా చుట్టూ ఊళ్లలో మందు డబ్బా ఖాళీ అయితే కడిగి డీజిలు పోసుకుంటారు, కొందరు నీళ్లు కూడా పట్టుకుంటారు. మా పక్క ఊరి నుంచి ప్రకృతి వ్యవసాయం చేసే పొదుపు సంఘం అక్క ఒకామె వచ్చి పిల్లలకి విత్తనాలకి పట్టించే బీజామృతం, మట్టికి బలమిచ్చే జీవామృతం చేసి చూపించింది. జీవామృతానికి ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గట్టు మట్టి. ముట్టుకోమంటే ముక్కు మూసుకుని పారిపోయిన పిల్లలే రెండో వారం చేతులు ముంచి కలిపారు, తర్వాత సబ్బు ఎంతసేపు రుద్దారో ఆ నురగ చూస్తే తెలిసింది. వేపాకు కషాయం చల్లారు. ఆ రోజు నేను బీహార్ బడి సంగతి చెప్పాను, పసివాళ్లకి ఎంతవరకు చెప్పొచ్చో అంతవరకే. వారం తర్వాత ఒకాయన బడికొచ్చి, నవ్వుతూనే, "మేడమ్, మా అమ్మాయి మా ఇంట్లో మందు డబ్బాలన్నీ బైట పడేసింది, డీజిలు కోసం దాచుకున్నవి" అని ఫిర్యాదు చేశాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ వీడియో కింద తిట్టినవాళ్లందరూ తెలియక తిట్టారని నేననను. కొందరికి కారణం ఉంది.

మొదటి ఏడాదే, తోట తవ్వడం మొదలుపెట్టిన వారంలో, ఒక తండ్రి వచ్చాడు. లోపలికి రాలేదు, గేటు దగ్గరే నిలబడ్డాడు. ఎస్సీ కాలనీ నుంచి. "మేడమ్, ఒక్కమాట అడగొచ్చా. ఈ బడిలోనే నేను మూడు చదివాను. అప్పటి సారు నాచేత నీళ్లు మోయించేవాడు, వాకిలి ఊడిపించేవాడు. మా కాలనీ పిల్లలందరి చేతా అంతే. మిగతా పిల్లలు లోపల లెక్కలు చేసుకునేవాళ్లు. మావోడి చేత గునపం పట్టించారని ఇంటికొచ్చి చెప్తే నాకదే గుర్తొచ్చింది." అంతే అన్నాడు. గొడవ పెట్టుకోలేదు. నేను ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే నిజానికి అప్పటిదాకా ఎవరి చేత తవ్విస్తున్నానో నేను చూసుకోలేదు. ఎవరు ముందుకొస్తే వాళ్లని పిలిచాను. ముందుకొచ్చేవాళ్లు ఎవరు? ఇంట్లో పని అలవాటున్న పిల్లలు. వాళ్లు ఎవరి పిల్లలో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ సాయంత్రమే హాజరుపట్టీ నంబర్ల ప్రకారం వంతులు రాసి గోడకి అంటించాను. తవ్వడం, నీళ్లు, కోత, వలవడం, వడ్డన, చాపలు ఎత్తడం అన్నీ అందులోనే, నా పేరు, మా సార్ పేరు కూడా అందులోనే. మగపిల్లలకి ఒక పని, ఆడపిల్లలకి ఒక పని అని లేదు. మరుగుదొడ్డి పని ఏ పిల్లకీ లేదు, అది ఆయాది, ఆవిడకి జీతం వస్తుంది. తప్పు చేసినందుకు శిక్షగా తోటపని ఇవ్వడం లేదు, శిక్షగా ఇచ్చిన రోజు నుంచి అది పాఠం కాదు. ఆ తండ్రి ఇప్పటికీ అప్పుడప్పుడూ వచ్చి గోడ మీద ఆ కాగితం చూసి వెళ్తాడు. చూడాలి కూడా.

ఇంకో పిల్లాడున్నాడు. రోజూ ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకుంటాడు, బడి భోజనం తినడు. వాళ్ల మామ్మ "మావోడికి అరగదమ్మా" అంటుంది. ఎందుకు అరగదో, వండే అక్క ఏ వీధి నుంచి వస్తుందో ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. చిమ్మిలి దంచిన రోజు వాడి వంతు కూడా వచ్చింది, దంచాడు, ఉండ కట్టాడు, పక్కవాడు కట్టిన ఉండ తీసుకుని తిన్నాడు. గోంగూర పచ్చడి రోజున క్యారేజీ విప్పి, అందులో అన్నం పళ్లెంలో వేసుకుని, అక్క దగ్గరికి వెళ్లి పచ్చడి వేయించుకున్నాడు. మర్నాడు మళ్లీ మామూలే, క్యారేజీ, మూలన ఒక్కడే. 2024 నుంచి మన మధ్యాహ్న భోజన పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు కదా. కోనసీమలో లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా లేచి వండిపెట్టిన తల్లి ఆవిడ. పేరు బాగుంది. ఆ పేరున్న భోజనం దగ్గర తొమ్మిదేళ్ల పిల్లాడు మూలన ఒక్కడే కూర్చోవడం మీ మెనూ చార్టులో కనపడదు. నాకు రోజూ కనపడుతుంది. నేను చేసిన ఉపన్యాసాల్లో ఒక్కటీ వాణ్ని ఆ మూల నుంచి లేపలేదు, ఆ రెండు రోజులూ రోలే లేపింది.

ఒక తల్లి వచ్చి "మగపిల్లాడు ఆకులు వలవడమేటి మేడమ్" అంది. మీ మరిది పెళ్లికి వండినవాళ్లు ఎవరమ్మా అన్నాను. అందరూ మగవాళ్లే. నవ్వేసి వెళ్లిపోయింది. అది తేలిక. తేలిక కానిది ఇంకొకామె అన్నది. "మేం మట్టిలో పడి చచ్చాం, ఆడు కుర్సీలో కూకోవాలని బడికి పంపుతున్నాం." ఈ మాటకి ఎదురు చెప్పే హక్కు నాకు ఉందో లేదో కూడా నాకు తెలీదు, నెలనెలా జీతం వచ్చే మనిషిని. ఒక్కటే అన్నాను ఆమెతో. వాడు కుర్చీలోనే కూర్చోవాలి, నేనూ అదే కోరుకుంటున్నాను. రేపు వాడు వ్యవసాయశాఖ ఆఫీసరై పొలానికొచ్చినప్పుడు చోడి (రాగి) మొక్కకీ ఊదగడ్డి కలుపుకీ తేడా తెలియక మీ ముందు నిలబడకూడదు కదా. ఆమె ఒప్పుకుందని చెప్పను. కానీ పిల్లాణ్ని మాన్పించలేదు.

నాకు అర్థంకానిది ఇంకోటి. విశాఖపట్నంలో ప్రైవేటు బడుల పిల్లల్ని ఊరి బయట తోటలకి తీసుకెళ్తారు. వాళ్లు బురదలో వరి నాటుతారు, ముంతలో మజ్జిగ చిలుకుతారు, అమ్మానాన్నలు దానికి విడిగా ఫీజు కట్టి, ఫొటోలు స్టేటస్‌లో పెట్టుకుని మురిసిపోతారు. మంచిదే, మురవనివ్వండి. డబ్బు కట్టి మట్టి తొక్కితే అనుభవం, సర్కారు బడిలో ఊరికే తొక్కితే చాకిరీ ఎలా అయింది? కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలకెళ్లి పిల్లల చేత విస్తళ్లు వేయించి, నీళ్లు ఇప్పించి, అరటికాయ చెక్కు తీయిస్తే ఎవరైనా వీడియో తీసి కంప్లైంట్ పెట్టారా?

చట్టం గురించి నన్ను భయపెట్టినవాళ్లున్నారు కాబట్టి అదీ చదివాను. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం 14 ఏళ్లలోపు పిల్లల్ని పనుల్లో పెట్టుకోవడాన్ని నిషేధించింది, నిషేధించాలి కూడా. తన బడిలో తాను తినే ఆకు వంతు ప్రకారం వారానికి అరగంట వలవడం పనిలో పెట్టుకోవడం కాదు. 2019 అక్టోబరులో కేంద్ర విద్యాశాఖే, అప్పుడు దాని పేరు మానవ వనరుల అభివృద్ధి శాఖ, బడుల్లో పోషకాహార తోటల మీద మార్గదర్శకాలు ఇచ్చింది, పిల్లలకి తోటపని స్వయంగా అనుభవంలోకి రావాలని అందులోనే ఉంది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతులకి పది రోజులు పుస్తకాల సంచీ లేని రోజులు అంటోంది, చేతిపనులు నేర్చుకోమని. అంతకు ముందెప్పుడో 1937లో వార్ధాలో గాంధీగారు నయీ తాలీం అన్నారు, చదువుకి చేతిపనే ఇరుసు కావాలని. మా నాన్న ఆ పద్ధతి బేసిక్ స్కూల్లో నూలు వడికే తకిలీ తిప్పినవాడే, ఇప్పటికీ దారం తెగకుండా లాగుతాడు. కాగితాలన్నీ మా వైపే ఉన్నాయి పెద్దలారా. మాకు ఎదురుగా ఉన్నది ఒక్క ఫోన్ కాల్.

కాబట్టి నేను అడిగేది పెద్దదేం కాదు. ఒక సర్క్యులర్. ఒక పేజీ చాలు. ఏ వయసు పిల్లలు ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు అని తెలుగులో, తల్లిదండ్రులకి కూడా అర్థమయ్యేలా. మంట, కత్తి, వేడి గిన్నె, మరుగుదొడ్డి నిషేధం. వంతులు హాజరుపట్టీ ప్రకారం, గోడ మీద అందరికీ కనపడేలా. శిక్షగా తోటపని నిషేధం. పురుగుమందు గేటు లోపలికి రాకూడదు. వారానికి ఒక పీరియడ్, టైంటేబుల్లోనే, పరిసరాల విజ్ఞానం కింద. ఆ పేజీ మా గోడ మీద ఉంటే వీడియో తీసినాయనకి నేను ఫోన్లో సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు, వేలు పెట్టి చూపిస్తాను. ఏ తండ్రికైనా నేను గీత దాటానని అనిపిస్తే, ఆయన కూడా అదే పేజీ మీద వేలు పెట్టి నన్ను నిలదీస్తాడు.

అంగన్‌వాడీలు వేరే శాఖ కిందకి వస్తాయని నాకు తెలుసు. కానీ ఆవరణ ఒక్కటే, కుళాయి ఒక్కటే, చిక్కీ పల్లీ పాతిన పిల్లాడు వచ్చే ఏడు నా ఒకటో తరగతికే వస్తాడు. ఆ శాఖ వాళ్లతో ఒకసారి మాట్లాడి ఇద్దరికీ కలిపే ఇవ్వండి. వేసవి సెలవుల్లో, ఏప్రిల్ చివర నుంచి జూన్ 12 దాకా, నీళ్లు పోసే మనిషికి ఏదైనా కొంచెం ఇచ్చే దారి చూడండి. అది కుదరకపోతే పోనీ, తొలకరికి మళ్లీ వేసుకుంటాం.

దండం పెట్టి అడిగేది ఇంకొకటుంది. దయచేసి దీనికో యాప్ పెట్టకండి. మొన్నటిదాకా మరుగుదొడ్ల ఫొటోలు ఎక్కించాం, భోజనం ఫొటోలు ఎక్కిస్తున్నాం, హాజరు ముఖం చూపించి వేస్తున్నాం. రోజూ బెండమొక్క ఫొటో ఎక్కించమంటే సిగ్నల్ కోసం నేను వాటర్ ట్యాంకు కింద నిలబడతాను, ఇక్కడ పిల్లలు బెండమొక్క పీకుతారు. అలాగే "ఉత్తమ బడి తోట" అవార్డు కూడా వద్దు. అవార్డంటే ఇన్‌స్పెక్షన్ రోజుకి నర్సరీ నుంచి కుండీలు వస్తాయి, మనందరం చూశాం. చూడాలనిపిస్తే చెప్పకుండా రండి, పచ్చడి రోజున రండి. వలవడానికి కూర్చోవాలి, ఆ షరతు మీక్కూడా వర్తిస్తుంది.

ఆపమన్నది ఫోన్లో అన్నారు. చెయ్యమన్నది మాత్రం కాగితం మీద ఇప్పించండి. గోంగూర పూతకి వచ్చేసింది, ఇక ఆకు గట్టిగా అయిపోతుంది. గోడ మీద ఆనపపాదుకి నాలుగు కాయలున్నాయి, గేటు సందులోంచి కనపడుతున్నాయి. ఇంటర్వెల్లో పిల్లలు అక్కడ నిలబడి అది నాలుగో ఐదో అని వాదించుకుంటున్నారు, ఒకటి ఆకు కింద ఉంది, తాళం తీస్తే గానీ తేలదు.

ఇట్లు,
ఒక ప్రాథమిక బడి టీచరు
విజయనగరం జిల్లా